మూత మూసే ముందు

2, గురువారం

మొత్తానికి రెండూ నిలబడ్డాయి.

ఇప్పుడు లాప్‌టాప్ మీట నొక్కితే నల్లటి తెర మీద రెండు పేర్లు వస్తాయి. పైన లినక్స్, కింద విండోస్. పది సెకన్ల గడువు. ఏదీ ఎంచుకోకపోతే పైనున్నది తనంతట తానే లేస్తుంది. ఒకదాని పొట్టలో ఇంకొకటి నడవడం కాదు. దేనికది నేరుగా యంత్రం మీద, ఉన్న బలమంతా వాడుకుంటూ. కాకపోతే ఒకసారికి ఒకటే.

ఆఫీసులో సిస్టమ్స్ ఆయన చేసిపెడతానన్నాడు. నేనే వద్దన్నాను. నలభై ఆరేళ్ళు వచ్చి, గణాంక శాస్త్రంలో పీజీ చేసి, సర్వే విభాగంలో ఇరవై ఏళ్ళు పనిచేసి, డిస్కుని మూడు గదులుగా కోయడానికి కూడా ఇంకొకరి కాళ్ళావేళ్ళా పడాలా అనిపించింది. ఒక గది దానికి, ఒక గది దీనికి, మధ్యలో రెండూ వాడుకునే ఉమ్మడి గది. మూడు రోజులు పట్టింది. రెండుసార్లు చెమటలు పట్టాయి. ఆ సంగతి ఆయనకి చెప్పను.

లాప్‌టాప్ అక్కది. నాది చచ్చిపోయి మూడు వారాలైంది. కొత్తది రావడానికి ఇంకో రెండు నెలలంటున్నారు ఆఫీసువాళ్ళు. నా నివేదిక పదిహేనో తారీకున. నా లెక్కల ప్రోగ్రామ్ లినక్స్ మీద తప్ప నడవదు. అక్క గొంతు రికార్డు చేసే ప్రోగ్రామ్ విండోస్ మీద తప్ప నడవదు.

అక్కకి చూపిస్తే, "అయితే ఒకే ఇంట్లో రెండు కాపురాలు పెట్టావన్నమాట. గొడవలు రావూ?" అంది.

"రావు. ఒకరు లేచున్నప్పుడు ఇంకొకరు పడుకుంటారు."

"మీ బావ బతికున్నప్పుడు రాత్రి డ్యూటీలు చేసిన ఆరేళ్ళూ మేమూ అంతేగా. మొహం మొహం చూసుకోలేదు. భలే సఖ్యంగా ఉన్నాం."

సిస్టమ్స్ ఆయన మాత్రం కారిడార్‌లో ఆపి, పెన్ను మూత కొరుకుతూ ఒక్కటే చెప్పాడు. "మేడమ్, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది వెలగాలి. మూత మూసేస్తే ఆరినట్టు కాదు, కునుకు తీసినట్టు. ఆ విండోస్ ఆవిడ కునుకు తీస్తుండగా మీరు ఆ ఉమ్మడి గదిలో సామాను కదిపారనుకోండి..." వాక్యం పూర్తి చేయలేదు. నేను తలూపాను. తెలిసిన విషయాన్ని ఇంకొకరు చెబుతుంటే ఊపే తల ఒకటుంటుంది, అలా.

ఇరవై ఏడున అక్క ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఈ మాట డైరీలో రాయడం ఇదే మొదటిసారి. రాస్తే చిన్నగానే ఉంది.

5, ఆదివారం

ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అక్క గొంతు ఇంకా అక్కదే. ఆ తర్వాత బొంగురు పోతుంది. అందుకని ఆ గంటన్నరలోనే రికార్డింగు. వంటింటి పక్క గదిలో, కిటికీకి దుప్పటి కట్టి.

మొత్తం మూడు వందల యాభై వాక్యాలు. ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరు (అక్క ఆమెకి 'మాటల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది) జాబితా ఇచ్చింది. అవన్నీ చదివి ఇస్తే వాటిలోంచి యంత్రం అక్క గొంతు తయారుచేస్తుందట. తర్వాత అక్క ఏది టైపు చేస్తే అది అక్క గొంతుతోనే పలుకుతుందట. మూడు వందల యాభైకి ఒక్కటి తగ్గినా తీసుకోరు. ఆపరేషన్‌కి వారం ముందు, అంటే ఇరవయ్యో తారీకుకల్లా పెన్ డ్రైవ్ ఆమె చేతిలో ఉండాలి. అది అయ్యేదాకా గొంతు వృథా చేయొద్దంది. అయ్యాక మీ ఇష్టం, తనివితీరా అరుచుకోండి అంది.

నేను చదువుతాను, అక్క చెబుతుంది.

"దయచేసి కిటికీ తెరవండి."

"ఏమిటీ? దయచేసా? పాతికేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఎవరితోనైనా దయచేసి అన్నానా?"

"అక్కా, చదువు."

"దయచేసి కిటికీ తెరవండి. ఛీ, ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టుంది. మళ్ళీ చెబుతానుండు."

పదిహేడో వాక్యం: 'ఫర్వాలేదు.' దాన్ని మూడు రకాలుగా చెప్పింది. ఒకటి డాక్టర్లకి, ఒకటి స్కూటర్‌తో కారుని గీరేసిన వాడికి, ఒకటి నాకు. "నీకు చెప్పేదే వాడేది ఎక్కువ, అదే ఉంచు" అని నవ్వింది. నవ్వు కూడా రికార్డయింది. చెరపలేదు.

8, బుధవారం

మూడు వందల యాభై అయిపోయాయి. అక్క కుర్చీలోంచి లేచి ఒళ్ళు విరుచుకుని, "హమ్మయ్య, నా గొంతు గంపలో పెట్టేశాం" అంది.

ఆఫీసుకి బయల్దేరుతుంటే అడిగింది. "పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించావా?"

"ఎక్కించాలే."

సాయంత్రం ఎక్కిస్తాను. అందుకే అలా అన్నాను. అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం.

9, గురువారం

రేపు ఎక్కించాలి.

12, ఆదివారం

నివేదిక రాను రాను పెరిగిపోతోంది. మధ్యాహ్నం నా వైపు గదిలో ఖాళీ అయిపోయింది. పెద్ద ఫైళ్ళని ఉమ్మడి గదిలోకి జరుపుదామంటే తెర మీద అడ్డుపడింది. ఇందులో ఇంకొకరు నిద్రలో ఉన్నారు, చూడొచ్చు గానీ ఏదీ కదపడానికి వీల్లేదని.

పొద్దున అక్క లాప్‌టాప్‌లో ఏదో చూసుకుని మూత మూసేసి పోయినట్టుంది. ఎప్పుడూ ఇంతే. నిద్రలో ఉన్నదాన్ని మళ్ళీ లేపి, ఆర్పి, నా వైపు వెలిగించాలంటే పావుగంట. పావుగంట పెద్దదేమీ కాదు. కానీ లెక్క మధ్యలో ఉన్నాను, తల వేడిగా ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఒక వరుస కమాండ్ దొరికింది. దాని కిందే ఇంకెవరో 'ఏం చేస్తున్నారో తెలిసినవాళ్ళకి మాత్రమే' అని రాశారు.

నాకు తెలుసు కదా.

ఒక్క క్షణంలో ఒప్పుకుంది. ఫైళ్ళన్నీ జరిపాను. అక్క ఫోల్డర్‌ని కూడా కాస్త పక్కకి సర్దాను. నేను వచ్చిన తోవ తెలియకుండా, దాని నిద్ర దానికి అలాగే ఉంచి ఆర్పేశాను. చాలా తృప్తిగా ఉంది. సిస్టమ్స్ ఆయన అనవసరంగా భయపెడతాడు.

13, సోమవారం

ఫోల్డర్ ఉంది. లోపల ఏమీ లేదు.

13, సోమవారం, మళ్ళీ

పొద్దున అక్క విండోస్ లేపి చూసిందట. నేను స్నానం చేసి వచ్చేసరికి నీలం తెర మీద శాతాలు ఎక్కుతున్నాయి. డిస్కుని సరిచూస్తున్నాను అంటోంది. అక్క, "ఇదేదో తనలో తాను లెక్కపెట్టుకుంటోందే, నీకు చుట్టమా?" అని తన క్లాసుకి వెళ్ళిపోయింది.

వంద శాతం అయ్యాక తెరిచాను. ఫోల్డర్ ఉంది. లోపల ఏమీ లేదు. మూసి మళ్ళీ తెరిచాను. నాలుగుసార్లు.

పెన్ డ్రైవ్ నా హ్యాండ్‌బ్యాగులో, తలనొప్పి మాత్రల పక్కన, కొన్నప్పటి అట్టలోనే ఉంది.

14, మంగళవారం

సిస్టమ్స్ ఆయన్ని అడిగాను. నాకు జరిగిందని చెప్పలేదు. "ఒక స్నేహితురాలికి ఇలా అయిందండీ" అన్నాను.

ఆయన పెన్ను మూత నోట్లోంచి తీశాడు. "ముందు ఆ మెషీన్ ముట్టుకోవద్దని చెప్పండి. మీట కూడా నొక్కొద్దు. ఇప్పుడైతే పోయినవి డిస్కు మీదే ఎక్కడో పడి ఉంటాయి. ఆన్ చేసి పని చేసిందా, వాటి మీద కొత్తవి పడతాయి. ఇక ఎవరి వల్లా కాదు. ఇవాళే పట్టుకొచ్చేయమనండి."

"చెప్తానండీ."

నివేదిక రేపు పదకొండు గంటలకి. ఫైళ్ళన్నీ అందులోనే.

నేను వాడేది నా వైపు. అక్కవి ఉమ్మడి గదిలో. రెంటికీ మధ్య గోడ ఉంది.

(నా పెద్ద ఫైళ్ళు కూడా ఉమ్మడి గదిలోనే ఉన్నాయి. నేనే జరిపాను. తెలుసు.)

15, బుధవారం

నివేదిక బాగా వచ్చిందన్నారు. డైరెక్టర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

16, గురువారం

లాప్‌టాప్ సిస్టమ్స్ ఆయనకిచ్చాను. స్నేహితురాలిదే అన్నాను. దాని మూత మీద అక్క డ్రైవింగ్ స్కూల్ స్టిక్కరుంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఆవిడ బలవంతంగా ఏదైనా కమాండ్ ఇచ్చారా? తిట్టడానికి కాదు మేడమ్. దాన్నిబట్టి నేను వెతికే చోటు మారుతుంది."

"లేదండీ. వాళ్ళక్క షట్‌డౌన్ చేయకుండా మూత మూసేస్తుంటుంది. అదే అనుకుంటా."

నా నోటితోనే అన్నాను. అలాంటి మాట ఎక్కడా తడబడకుండా వస్తుందని ఇన్నేళ్ళకి తెలిసింది.

ఇంటికొస్తే అక్క అడిగింది. "నా లాప్‌టాప్ ఏదే?"

"ఆఫీసులో ఉంది. చిన్న పని."

"నా గొంతు డాక్టరమ్మకి చేరిందా?"

"ఆ."

ఒక్క అక్షరం. దానికి కూడా నేను వేరేవైపు తిరిగి చెప్పులు విప్పుకున్నాను.

17, శుక్రవారం

అక్క సంబరంగా ఉంది. "గొంతు భద్రంగా ఉందిగా, ఇంక ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తాను" అని పాత విద్యార్థులందరినీ పిలిపిస్తోంది. రోజంతా పాఠాలు. అద్దాలు దించి మరీ అరుస్తోంది. వాళ్ళు ఆమెని వెనకాల 'బ్రేకమ్మ' అంటారు. ఆమెకీ తెలుసు. రివర్స్ చేయడమంటే వణికే టైలరమ్మ ఒకావిడ ఉంది, మూడేళ్ళుగా నేర్చుకుంటోంది. ఇవాళ ఆవిడ మొదటిసారి సందులోంచి వెనక్కి వచ్చిందట. ఆ ఆనందంలో అక్క పది నిమిషాలు కేకలు వేసిందట.

రాగానే మంచినీళ్ళు అడిగింది. 'నీళ్ళు' అన్న మాటలో 'నీ' వినిపించలేదు.

ఇప్పుడు చెబితే రేపు ఉదయం నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇరవైకల్లా, మూడు రోజుల్లో మూడు వందల యాభై. గొంతుకి ఇవాళే విశ్రాంతి ఇస్తే. చెప్పాలి.

సిస్టమ్స్ ఆయన ఏమంటాడో చూసి చెబుతాను. అన్నీ దొరికితే చెప్పే పనే ఉండదు. అనవసరంగా ఆమెని బాధపెట్టడం దేనికి?

పై వాక్యం మళ్ళీ చదివాను. 'ఆమెని' అని రాశాను, 'నన్ను' అనాల్సిన చోట.

18, శనివారం

అక్క కూరలు తరుగుతుంటే ఫోను డబ్బాల వెనక దాచి రికార్డు పెట్టాను. ఎక్కువసేపు మాట్లాడించాలని ఏవేవో అడిగాను. చిన్నప్పుడు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పడేసిన కథ మళ్ళీ చెప్పమన్నాను.

"వందసార్లు విన్నావుగా. ఏంటీవేళ ఇంత ముద్దొస్తున్నాను నీకు?" అంది. అని చెప్పింది. అంతా చెప్పింది.

తర్వాత విన్నాను. కుక్కర్ శబ్దం. కొళాయి శబ్దం. వాటి వెనక, అరిగిపోయిన గరుకు కాగితంలా ఒక గొంతు.

దొంగతనం చేసినా దొరికింది ఇది.

20, సోమవారం

పదకొండు ముక్కలు దొరికాయి.

సిస్టమ్స్ ఆయన తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "మేడమ్, మీ వైపు సిస్టమ్‌లో ఇచ్చిన కమాండ్లన్నీ వరసగా రాసి ఉంటాయి. పన్నెండో తారీకు మధ్యాహ్నం రెండూ నలభై."

నేను బల్ల మీదున్న స్టాప్లర్‌ని చూస్తూ కూర్చున్నాను.

"జరిగింది ఇదీ" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "విండోస్ ఆవిడ పడుకునేముందు ఏ సామాను ఎక్కడుందో గుర్తుపెట్టుకుని పడుకుంది. మీరెళ్ళి అంతా మార్చారు. పొద్దున లేచి, తనకి గుర్తున్నట్టే మళ్ళీ సర్దేసుకుంది. రెండు సర్దుళ్ళూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అప్పటికీ చాలావరకు లాగొచ్చు. పదమూడునే ఇచ్చుంటే సగానికి పైగా తెచ్చేవాణ్ణి." పెన్ను మూత బల్ల మీద పెట్టాడు. "పద్నాలుగు, పదిహేను మీరు పని చేశారు."

"నివేదిక ఉంది కదండీ."

"ఉంది మేడమ్. నేనూ విన్నాను. చాలా బాగుంది."

ఆయన దెప్పలేదని నాకు తెలుసు. దెప్పి ఉంటే హాయిగా ఉండేది.

ముక్కలు విన్నాను. "నాకు దాహం..." అక్కడ తెగింది. "...తెరవండి. ఛీ, ఎవరో..." తెగింది. ఒకదాంట్లో నవ్వు మాత్రమే. పదకొండింటిలో నాలుగింట ఉన్నది నా గొంతే. "మళ్ళీ చెప్పు" అంటున్నాను. "మళ్ళీ చెప్పక్కా."

21, మంగళవారం

మాటల డాక్టరమ్మ ఫోను చేసింది. గడువు నిన్నటితో అయిపోయిందంది. రేపు తెస్తానన్నాను. ఏం తెస్తాను?

అక్కకి చెప్పలేదు. ఇవాళ కూడా.

22, బుధవారం

చెప్పాను. అన్నీ రాస్తాను. తర్వాత ఇంకోలా గుర్తుపెట్టుకోకుండా.

సాయంత్రం నాలుగింటికి అక్క కారు తీసి, "ఎక్కు. ఊరందరికీ నేర్పాను, నీకే నేర్పలేదు. ఆఖరి పాఠం" అంది. ఆ కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆసుపత్రి వెనక ఖాళీ రోడ్డు మీద నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది.

"అద్దం చూసుకో. ముందు అద్దం, తర్వాతే కాలు. నీ వెనక ఎవరున్నారో తెలియకుండా కదిలితే ఎట్లా?"

గొంతు చీలిపోయి ఉంది. ఒక్కో మాట కిందనుంచి తోడుకుంటోంది. అయినా ఆపడం లేదు. "నా గొంతు డాక్టరమ్మ దగ్గరుంటే నాకేం భయమే. మా టైలరమ్మకీ అదే చెప్పాను. మా చెల్లెలు చదువుకుంది, అన్నీ అదే చూసుకుంటుంది అని."

"పోయింది అక్కా" అన్నాను.

"ఏంటి పోయింది? గేరా?"

"నీ రికార్డింగులు. అన్నీ. పెన్ డ్రైవ్‌లో ఎక్కించలేదు. ఎక్కించానని అబద్ధం చెప్పాను. నేనే... నా ఫైళ్ళ కోసం..."

కారు మెల్లగా రోడ్డు మధ్యకి పోతోంది. నేను చూడటం లేదు. అక్క తన వైపు బ్రేకు తొక్కింది. కారు ఒక్కసారిగా ఆగింది. నా నుదురు స్టీరింగుకి తగిలింది. అక్క చెయ్యి చాచి ఇంజన్ ఆపింది.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండనుకున్నాను.

"ఎప్పుడు?"

"పదమూడున."

"ఇవాళెంత?"

"ఇరవై రెండు."

ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళు ముడిచింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దాకా లెక్కపెట్టి వేళ్ళు అలాగే ఉంచింది.

"పోయినందుకు కాదే" అంది. "తొమ్మిది రోజులు నన్ను అరవనిచ్చావు."

తర్వాత దిగి ఇటువైపు వచ్చింది. నేను దిగి అటు వెళ్ళాను. ఇంటిదాకా తనే నడిపింది. ఏమీ మాట్లాడలేదు. కోపమో, ఉన్న గొంతు దాచుకోవడమో నాకు తెలియలేదు. అడిగే మొహం లేదు.

23, గురువారం

అక్కతో కలిసి మాటల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. జరిగింది నేనే చెప్పాను. ఎక్కడా 'పొరపాటున' అనలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది.

ఆమె అక్క గొంతులో లైటు వేసి చూసి పెదవి విరిచింది. "బాగా వాచింది. రోజుకి ఇరవై నిమిషాలకి మించి వాడటానికి లేదు. మూడు వందల యాభై అసాధ్యం. యంత్రం గొంతు తయారుకాదమ్మా." లైటు ఆర్పి, "ఒక పని చేయొచ్చు. మీకు బాగా కావలసిన మాటలు ఎంచుకుని, ఉన్నవి ఉన్నట్టుగా రికార్డు చేసుకోండి. మీట నొక్కితే ఆ వాక్యం పలుకుతుంది. అంతే. కొత్త మాట అనడానికి ఉండదు" అంది.

అక్క నావైపు చూడకుండా కాగితం మీద రాసింది: 'ఎన్ని?'

"మీ ఓపిక. యాభై, అరవై."

అరవై మాటలతో ఒక మనిషి. ఇంకో ముప్ఫై ఏళ్ళు బతకాలి ఆమె.

దారిలో లినక్స్ తీసేస్తానన్నాను. అక్క ఇంకో కాగితం రాసి నా ఒళ్ళో పడేసింది. 'తీసేస్తే నీ ఉద్యోగం ఎవడు చేస్తాడు? పూర్తిగా ఆర్పడం నేర్చుకో. నేనూ నేర్చుకుంటా.'

నేనూ అని రాసింది. ఆ రెండక్షరాలు చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మూత సంగతి సిస్టమ్స్ ఆయనకి నేనేమని చెప్పానో ఆమెకింకా చెప్పలేదు.

24, శుక్రవారం

చెప్పాను. అది కూడా.

విని, నీళ్ళగ్లాసు నా చేతిలోంచి తీసుకుని, తాగి, బల్ల మీద పెట్టింది.

ఉదయం ఇరవై వాక్యాలు. ఒక్కోటి రికార్డవగానే పెన్ డ్రైవ్‌లోకి, ఫోనులోకి, ఆఫీసులోకి. మూడు చోట్ల. ఇప్పుడు నా అంత జాగ్రత్తపరురాలు లేదు.

25, శనివారం

దుప్పటి కట్టిన గదిలో అక్క ఎంచుకుంటోంది. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో. పాత జాబితా నేను చదువుతాను. తల అడ్డంగా ఊపితే కొట్టేస్తాను.

"దయచేసి కిటికీ తెరవండి."

అడ్డంగా. తర్వాత మైకు దగ్గరికి జరిగి, "కిటికీ తియ్యి, చస్తున్నాం ఉక్కకి" అంది. అది ఉంచాం.

"నాకు దాహంగా ఉంది."

"నీళ్ళు."

"అది ఒక్క మాటే అక్కా."

"నీళ్ళిచ్చేవాళ్ళకి అది చాలు."

ఇంకా ఉంచినవి: నీ మొహం. ఎవరే ఆ తలుపు వేసింది. నాకు చెప్పకు, నేను చెప్పేది విను. అద్దం చూసుకో. నొప్పిగా ఉంది, నవ్వుతున్నానని లేదనుకోకు. డ్రైవింగ్ స్కూల్లో ఎలా అంటుందో అలాగే, ఉన్న ఊపిరంతా పెట్టి, "బ్రేక్!" ఆ ఒక్కదానికి ఐదు నిమిషాలు దగ్గింది. నేను చాలన్నాను. చెయ్యి ఊపి మళ్ళీ చెప్పింది, ఇంకా పెద్దగా, దాని వెనక వచ్చే తిట్లతో సహా.

ఆమె దగ్గు ఆగేదాకా కాగితం చూస్తూ ఉన్నాను. తర్వాతది చదివాను.

"ఫర్వాలేదు."

పదిహేడో నంబరు. చదివాకే తెలిసింది ఏం చదివానో.

అక్క మైకు వైపు చూసింది. పెదవులు తడుపుకుంది. నేను రికార్డు మీట మీద వేలు పెట్టి ఉన్నాను.

"అది వద్దు" అంది. "తర్వాతది."

కోపంగా అనలేదు. కూరల్లో పుచ్చుది పక్కన పెట్టినట్టు అంది. నేను గీత కొట్టాను. గీత నేరుగా రాలేదు.

26, ఆదివారం

మొత్తం అరవై ఒకటి.

27, సోమవారం

తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు.

ఆఖరి మాట నాతో ఏదైనా అంటుందేమోనని తలుపు దాకా మంచం పట్టుకుని నడిచాను. నర్సుతో, "చెప్పులు ఎక్కడ పెట్టనమ్మా?" అంది. అదే ఆఖరిది. చెప్పులు నా చేతికిచ్చారు.

28, మంగళవారం

బాగా జరిగిందట. చూడనివ్వలేదు.

30, గురువారం

ఈ రోజు వార్డుకి మార్చారు. మెడ చుట్టూ కట్టు, మధ్యలో గొట్టం. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. కళ్ళు మాత్రం నా కంటే తేటగా ఉన్నాయి.

లాప్‌టాప్ మంచం మీది బల్ల మీద పెట్టాను. మీట నొక్కాను. నల్లటి తెర, రెండు పేర్లు. వరస మార్చాను, ఇప్పుడు పైన ఆమెది. పది, తొమ్మిది. నేను వేలు పెట్టబోతే అక్క నా చెయ్యి తోసేసి తనే ఎంచుకుంది.

అరవై ఒక్క గడులు తెరుచుకున్నాయి, ఒక్కో వాక్యానికి ఒకటి.

అంతవరకు బాగానే ఉన్నాను. గొట్టంలోంచి ఆ ఈల విని ఉండబట్టలేకపోయాను. "అక్కా, ఆ రోజే చెప్పి ఉంటే నీకు మూడు వందల యాభై... నేను నివేదిక కోసం... నువ్వంత నమ్మితే నేను..." అని మొదలుపెట్టాను. ఎన్నోసారో లెక్క లేదు. వచ్చే పోయేవాళ్ళు చూస్తున్నారు. ఆమెకి నొప్పి అని కూడా గుర్తు లేదు. నా ఏడుపు నాది.

అక్క ఒక వేలెత్తి ఆగమంది. నేను ఆగలేదు.

వేలు తెర మీద పెట్టింది. పైనుంచి కిందికి మెల్లగా జరిపింది. చివరి గడి దాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. మళ్ళీ కిందికి. తిరిగి పైకి వచ్చి ఆగింది. నన్ను చూసింది. నొక్కింది.

"బ్రేక్! బ్రేక్ అంటే వినపడట్లా? కాలు చచ్చిపోయిందా?"

వార్డంతా ఉలిక్కిపడింది. మందుల ట్రే పట్టుకున్న నర్సు నిజంగానే ఆగిపోయింది. పక్క మంచం మీద ముసలావిడ, "అమ్మో, ఎవరమ్మా అది!" అంది. అక్క భుజాలు ఎగురుతున్నాయి. శబ్దం లేదు. నవ్వుతోందని అర్థమవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నేనూ నవ్వాను. ముక్కు తుడుచుకుంటూ నవ్వాను.

మందు ఎక్కి ఇప్పుడు నిద్రపోతోంది. పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను.

బ్రేకు గడి మొదటి వరసలోనే ఉంది. దాన్ని దాటి కింది దాకా రెండుసార్లు ఎందుకు వెళ్ళింది? నీళ్ళు కావాల్సి వచ్చిందేమో అనుకుందామంటే నీళ్ళు దాని పక్కనే. పదిహేడో నంబరు కోసం వెతికిందని అనుకోవడం నాకు సుఖంగా ఉంది. అందుకే నమ్మను. లేదని తెలిసీ ఎందుకు వెతుకుతుంది? వద్దని తనే అంది. గీత నేనే కొట్టాను.

లాప్‌టాప్ ఇంకా వెలుగుతోంది. ముందు దాన్ని షట్‌డౌన్ చేశాను. తెర నల్లబడింది. అడుగున చిన్న దీపం ఇంకా ఉంది. అది కూడా ఆరి, లోపల తిరిగే చప్పుడు ఆగేదాకా దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత మూత మూశాను.